వేసవి పరుగులు, రేసులు, చలివేంద్రం: మా రన్నింగ్ క్లబ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఉగాది దాటిందంటే చాలు, మా వాట్సాప్ గ్రూపుకు కొత్త నంబర్ల నుంచి మెసేజ్‌లు మొదలవుతాయి. ఈ ఎండల్లో పరుగేంటి, రేసులేంటి, మాలాంటివాళ్లు రావచ్చా అని. హైదరాబాద్‌లో ఉంటూ ఈ వేసవిలో మాతో కలిసి పరిగెత్తాలనుకునే అందరి కోసం ఆ ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టి జవాబులు రాశాం. ఒక్క విషయం ముందే చెప్పాలి. వేసవిలో మా క్లబ్ రేసు చివరి మనిషి వచ్చి చేరితేనే పూర్తయినట్టు. అప్పటిదాకా ఎవరూ టిఫిన్‌కు కదలరు. కింద కనిపించే నియమాలన్నీ దాదాపు ఇందులోంచే వచ్చాయి.

ఎండాకాలంలోనే రేసులెందుకు? వానలు పడ్డాక పెట్టుకోవచ్చు కదా?

రెండు కారణాలున్నాయి. మొదటిది ఆగస్టు నెలాఖరులో జరిగే హైదరాబాద్ మారథాన్. ఫుల్ మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. అందులోనూ మన ఊరిది ఫ్లైఓవర్లు, ఎత్తుపల్లాల మారథాన్. దానికి పదహారు నుంచి ఇరవై వారాల ప్రాక్టీసు కావాలి. వెనక్కి లెక్కేసుకుంటే ఏప్రిల్ నెలాఖరుకల్లా మొదలుపెట్టాల్సిందే. జూలైలో హడావుడిగా మొదలుపెట్టినవాళ్లు మోకాళ్ల నొప్పులతో మధ్యలోనే ఆగిపోవడం ఏటా చూస్తున్నాం.

రెండోది మాకు ఇంకా ముఖ్యం. ఏప్రిల్‌లో "ఎండలు తగ్గాక వస్తాలే" అని మానేసినవాళ్లలో చాలామంది ఆ ఏడాది మళ్లీ కనిపించరు. ఎండలు తగ్గేసరికి స్కూళ్లు తెరుస్తారు, తర్వాత వానలు, తర్వాత పండగలు. వేసవిలో చిన్న చిన్న రేసులు, వాటి వెనక టిఫిన్లు, కబుర్లు ఉంటే మనుషులు జారిపోరు. కాబట్టి ఈ మూడు నెలలు మా దృష్టి స్పీడ్ మీద ఉండదు, మనుషుల మీద ఉంటుంది.

ఎన్ని గంటలకు రావాలి?

ఆదివారం ఉదయం 5 గంటలకు నెక్లెస్ రోడ్డులో, పీపుల్స్ ప్లాజా దగ్గర. 5:15కు వార్మప్, ఆ వెంటనే పరుగు. 7 గంటలకల్లా ఎంత దూరంలో ఉన్నా ఆపేయాలి. మే నెలలో హైదరాబాద్‌లో సూర్యోదయం 5:45 ప్రాంతంలో అవుతుంది. ఏడు దాటితే ఎండ నెత్తిమీద సుర్రుమంటుంది.

సాయంత్రం పెట్టొచ్చు కదా? పొద్దున్నే లేవలేం.

ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు. సాయంత్రం ఆరున్నరకు సూర్యుడు దిగిపోయినా రోడ్డు చల్లబడదు. తారు, కాంక్రీటు, మన ఊరి బండరాళ్లు పగలంతా తాగిన వేడిని రాత్రి పొద్దుపోయేదాకా వదులుతూనే ఉంటాయి. అప్పుడు గోడ మీద చెయ్యి పెట్టి చూడండి, తెలుస్తుంది. రోజు మొత్తంలో ఉష్ణోగ్రత అన్నిటికంటే తక్కువగా ఉండేది సూర్యోదయానికి కాస్త ముందు. ఆ గంటన్నరే మనది. వారం మధ్యలో సాయంత్రం నడవాలనుకునేవాళ్లు కేబీఆర్ పార్కు బయటి బాట మీద చెట్ల వైపు నడవండి, బాగుంటుంది. పరుగు మాత్రం పొద్దున్నే.

వేసవిలో ఏయే రేసులు ఉంటాయి?

ప్రధానంగా మూడు. మూడింటిలోనూ దూరం 5 కిలోమీటర్లు దాటదు.

మొదటిది అంచనా రేసు. బయల్దేరే ముందు ప్రతి ఒక్కరూ 5 కిలోమీటర్లు ఎంతసేపట్లో పరిగెత్తగలరో చీటీ మీద నిమిషాలు, సెకన్లతో సహా రాసిస్తారు. తర్వాత వాచీలు, ఫోన్లు అన్నీ బుట్టలో పడాలి. ఎవరు తమ అంచనాకు అతి దగ్గరగా వస్తే వాళ్లే విజేత. 24 నిమిషాలని రాసి 23లో వచ్చినవాళ్ల కంటే 41 అని రాసి 41 నిమిషాల 5 సెకన్లకు వచ్చినవాళ్లు గొప్ప. వేసవికి ఇంతకంటే సరైన రేసు లేదని మా గట్టి అభిప్రాయం. వాచీ లేనప్పుడు మనిషి తన ఊపిరి వింటాడు, పాదం పడే చప్పుడు వింటాడు, ఇవాళ ఒంట్లో ఎంత సత్తువ ఉందో చూసుకుంటాడు. ఎండల్లో పరిగెత్తేవాళ్లకు రావాల్సిన విద్య సరిగ్గా అదే. ఈ రేసు మా దగ్గర ఎక్కువగా పెద్దవాళ్లే గెలుస్తారు. రోజూ ఒకే తీరుగా నడిచే, పరిగెత్తే అలవాటు వాళ్లకుంది.

రెండోది వెనకా ముందు రేసు. ఇందులో నెమ్మదిగా పరిగెత్తేవాళ్లు ముందు బయల్దేరతారు, వేగంగా పరిగెత్తేవాళ్లు చివర్లో. 5 కిలోమీటర్లకు 40 నిమిషాలు పట్టే మనిషి 5:20కి, 30 నిమిషాలు పట్టే మనిషి 5:30కి, 25 నిమిషాల మనిషి 5:35కి. లెక్క ప్రకారం అందరూ 6 గంటలకే గీత దాటాలి. నిజానికి ఒకరిద్దరు ముందొస్తారు, ఒకరిద్దరు వెనకబడతారు. కానీ ఆఖరి రెండు వందల మీటర్లు చూడాలి. ఎప్పుడూ చివర వచ్చే ఆవిడ ముందు పరిగెడుతుంటుంది, వెనక అడుగుల చప్పుడు దగ్గరవుతుంటుంది. అటూ ఇటూ ఉన్నవాళ్లు ఆవిడ పేరు పెట్టి అరుస్తుంటారు. వేగంగా పరిగెత్తే కుర్రాళ్లకు కూడా తాము దాటుకుంటూ వచ్చిన మనుషుల ముఖాలు ఆ రోజే కనిపిస్తాయి.

మూడోది రిలే. నలుగురు ఒక జట్టు, ఒక్కొక్కరికి ఒక కిలోమీటరు. జట్టులో ఒక కొత్త సభ్యుడు, యాభై దాటినవాళ్లు ఒకరు తప్పనిసరి. జట్లు చీటీలు తీసి వేస్తాం, స్నేహితులంతా ఒకే జట్టులో చేరడానికి వీల్లేదు.

నేను చాలా స్లో. అందరూ నా కోసం ఆగాల్సి వస్తుందేమో?

అవును, ఆగుతాం. దాని గురించి టెన్షన్ పడొద్దు. ప్రతి ఆదివారం ఇద్దరు సభ్యులు అందరికంటే వెనక నడుస్తారు. వాళ్ల పనే అది. ఈ బాధ్యత వంతుల వారీగా అందరికీ వస్తుంది, క్లబ్‌లో అందరికంటే వేగంగా పరిగెత్తేవాళ్లకు కూడా.

అసలు ఎప్పుడూ పరిగెత్తలేదు. వేసవిలో మొదలుపెట్టొచ్చా?

పెట్టొచ్చు, కానీ నడకతో. మొదటి రెండు వారాలు నాలుగు నిమిషాలు నడక, ఒక నిమిషం మెల్లగా పరుగు, ఇలా అరగంట. పక్కవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలిగేంత మెల్లగా ఉండాలి. రొప్పుతూ ముక్కలు ముక్కలుగా మాట్లాడుతున్నారంటే స్పీడ్ ఎక్కువైనట్టే.

వేడికి ఒళ్లు అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ఈ రోజుల్లో రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, చెమట తొందరగా పట్టడం మొదలవుతుంది, చెమటలో పోయే ఉప్పు తగ్గుతుంది. మొదటి వారం గుండె దడదడలాడటం, కాళ్లు బరువెక్కడం అందరికీ ఉండేదే. కండరాలకు పంపే రక్తంలో కొంత భాగాన్ని గుండె ఇప్పుడు చర్మానికి కూడా పంపాలి, ఒంటిని చల్లబరచడానికి. అందుకే చలికాలంలో కిలోమీటరు ఆరున్నర నిమిషాల్లో పరిగెత్తినవాళ్లు మేలో ఏడున్నరకు వచ్చినా దిగులు పడాల్సిన పని లేదు.

ఇంకో సంగతి. విశాఖ, కాకినాడ వైపు నుంచి వచ్చిన సభ్యులు ఇక్కడి 36 డిగ్రీల కంటే అక్కడి 32 డిగ్రీలే కష్టమంటారు. అది నిజమే. సముద్రం ఒడ్డున గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది, ఊరికే కారిపోతే లాభం లేదు. మన దగ్గర కూడా వాన పడి ఉక్కపోత ఉన్న పొద్దున ఇదే పరిస్థితి. ఆ రోజు థర్మామీటరు తక్కువ చూపించినా మెల్లగానే పరిగెత్తండి.

పరుగుకు ముందు ఏం తినాలి, ఎంత నీళ్లు తాగాలి?

రెండు ఖర్జూరాలో, ఒక అరటిపండో సరిపోతుంది. లేచిన వెంటనే ఒక గ్లాసు నీళ్లు, బయల్దేరే ముందు ఇంకొంచెం. గంటలోపు పరుగుకు మామూలు నీళ్లు చాలు. మేం ప్రతి రెండు కిలోమీటర్లకు ఒక బల్ల మీద నీళ్లు, నిమ్మకాయ ముక్కలు, ఉప్పు పెడతాం. ప్లాస్టిక్ సీసాలు ఉండవు, మీ గ్లాసు మీరే తెచ్చుకోవాలి.

"ఎండాకాలం కదా, ఎంత తాగితే అంత మంచిది" అనుకుని బిందెలు బిందెలు తాగొద్దు. చెమటలో ఉప్పు పోతుంటే మనం ఉత్త నీళ్లే పోసుకుంటూ పోతే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతులు, అయోమయం వస్తాయి, ప్రాణం మీదకు కూడా రావచ్చు. దాహాన్ని బట్టి తాగండి. ఇంటికెళ్లాక ఉప్పేసిన మజ్జిగ తాగండి.

ఓఆర్ఎస్ తాగాలా? దుకాణంలో దొరికే డబ్బా డ్రింకులు సరిపోతాయా?

గంట దాటిన పరుగు తర్వాత, లేదా బాగా చెమట పట్టి నీరసంగా ఉన్నప్పుడు ఓఆర్ఎస్ మంచిది. మందుల షాపులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్న ప్యాకెట్ అడగండి. లీటరు ప్యాకెట్ అయితే మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి. సగం పొడి గ్లాసులో వేసుకోవడం, రుచి కోసం చక్కెర కలపడం చేయొద్దు. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, రెండూ చెంచా అంచుకు సమంగా కొలవండి.

పేరులో ఓఆర్ఎస్ అని పెట్టుకుని చక్కెర నీళ్లు అమ్మే పండ్ల రసాల డబ్బాలు చాలాకాలం అంగళ్లలో ఉన్నాయి. హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దాని మీద పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి డ్రింకుల మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. మన ఊరి డాక్టరమ్మ పట్టుబట్టి సాధించిన పని ఇది. క్లబ్‌లో కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ ఈ సంగతి చెబుతాం.

ఎవరికైనా వడదెబ్బ తగిలితే ఏం చేస్తారు?

ఈ జవాబు దయచేసి పూర్తిగా చదవండి.

మామూలు అలసట ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. పిక్కలు పట్టేస్తాయి, కళ్లు తిరిగినట్టుంటుంది, వికారంగా ఉంటుంది. ఆగి, నీడలో కాళ్లు కాస్త ఎత్తులో పెట్టి పడుకుని, నీళ్లు తాగితే తగ్గిపోతుంది. వడదెబ్బ అది కాదు. మనిషి తీరు మారుతుంది. అడిగినదానికి పొంతన లేని జవాబు చెబుతాడు, మాట ముద్దగా వస్తుంది, తూలుతుంటాడు, ఆపితే చిరాకు పడతాడు. "నేను బాగానే ఉన్నా" అని గట్టిగా అంటూనే ఎదురు దిక్కుకు నడవడం మొదలుపెడతాడు. అప్పటికే ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి ఉండొచ్చు. పరిగెత్తేవాళ్లకు వడదెబ్బలో కూడా చెమట పడుతూనే ఉండొచ్చు, అందుకని "చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే" అనుకోవద్దు.

చేయాల్సిన పని ఒక్కటే, వెంటనే చల్లబరచడం. నీడకు తీసుకెళ్లి, బూట్లు, చొక్కా తీసేసి, ఒళ్లంతా చన్నీళ్లు పోస్తూ అట్టముక్కలతో గట్టిగా విసరాలి. మెడ మీద, చంకల్లో, గజ్జల్లో ఐసు పెట్టాలి. ఈలోగా ఇంకొకరు 108కు ఫోన్ చేయాలి. అంబులెన్స్ వచ్చేదాకా నీళ్లు పోయడం ఆపకూడదు. స్పృహ సరిగా లేని మనిషికి నోట్లో ఏమీ పోయకూడదు, పొలమారుతుంది. మా ప్రతి నీళ్ల బల్ల కింద ఒక ఐసు పెట్టె, రెండు బకెట్ల నీళ్లు, ఒక పాత దుప్పటి ఉండేది ఇందుకే. దయచేసి అందులోంచి తాగడానికి ఐసు తీసుకోవద్దు.

బీపీ, షుగర్ ఉన్నాయి. రావచ్చా?

ముందు మీ డాక్టరును అడిగి రండి. కొన్ని బీపీ మాత్రలు ఒంట్లో నీటిని తగ్గిస్తాయి, కొన్ని గుండె వేగాన్ని పెరగనివ్వవు. ఇన్సులిన్ వేసుకునేవాళ్లకు పరుగులో షుగర్ పడిపోవచ్చు. మీ డోసు, టైమింగ్ వేసవికి తగ్గట్టు మార్చాలో లేదో చెప్పాల్సింది డాక్టరే, మా వాట్సాప్ గ్రూపు కాదు. షుగర్ ఉన్నవాళ్లు జేబులో గ్లూకోజ్ బిళ్లలు పెట్టుకుని, ఆ విషయం పక్కన పరిగెత్తే ఒక్కరికైనా చెప్పండి. జ్వరం, విరేచనాలు తగ్గి రెండు మూడు రోజులే అయితే ఆ ఆదివారం టిఫిన్‌కు మాత్రం రండి.

బట్టలు, బూట్లు?

లేత రంగు, వదులుగా ఉన్న, తొందరగా ఆరే టీషర్టు. టోపీ. తొడలు, చంకలు ఒరుసుకుపోయేచోట వాజెలిన్. ఉన్న బూట్లతోనే రండి, నెల రోజులు వచ్చాక కొనుక్కోవడం గురించి మాట్లాడదాం.

ఆడవాళ్లం అంత పొద్దున్నే ఎలా రావాలి?

అంత పొద్దున్నే మెట్రో ఉండదు. అందుకే కాలనీల వారీగా కార్లు, బండ్లు పంచుకునే జాబితా శనివారం రాత్రి ఎనిమిదికల్లా తయారవుతుంది. కొత్తగా వచ్చే ఆడవాళ్లకు మొదటి నెల తప్పకుండా ఒక మహిళా సభ్యురాలి బండిలోనే చోటిస్తాం. పరిగెత్తేటప్పుడు వెలుతురు పూర్తిగా వచ్చేదాకా జంటలుగా ఉండటం అందరికీ నియమం. ఎవరైనా ఇబ్బంది పెడితే 112 లేదా షీ టీమ్స్. క్లబ్ లోపలి మనిషే ఇబ్బంది పెడితే ఇద్దరు మహిళా సభ్యుల దగ్గర నేరుగా చెప్పొచ్చు, వాళ్ల నంబర్లు చేరిన రోజే ఇస్తాం.

కుక్కల భయం?

పరుగు ఆపి నడవండి. కళ్లలోకి చూడొద్దు, రాయి ఎత్తొద్దు. గుంపుగా ఉంటే చాలావరకు వాటంతటవే తప్పుకుంటాయి. కరిస్తే పదిహేను నిమిషాలు సబ్బుతో, పారే నీళ్లతో కడిగి, అదే రోజు టీకాకు వెళ్లాలి.

పిల్లల్ని తీసుకురావచ్చా?

సెలవులే కదా, తీసుకురండి. వాళ్లకు ఒక కిలోమీటరు పరుగు ఉంటుంది, పక్కన అమ్మో నాన్నో తాతయ్యో ఉండాలి. పదేళ్లలోపు పిల్లలకు ఫస్టు, సెకండు ఉండవు, అందరికీ ఒక మామిడిపండు. ఆటలో పడితే పిల్లలకు దాహం గుర్తురాదు, మీరే పిలిచి తాగించాలి.

అమెరికా నుంచి సెలవులకు వచ్చాం, రెండు వారాలే ఉంటాం. రావచ్చా?

సంతోషంగా రండి. ఒళ్లు ఇక్కడి వేడికి అలవాటు పడేసరికే మీ రెండు వారాలు అయిపోతాయి కాబట్టి రేసుల్లో మిమ్మల్ని వెనక నడిచే జంటతో కలుపుతాం. అక్కడ ఎంత వేగంగా పరిగెత్తినా సరే, ఇది మారదు.

పరుగయ్యాక ఏముంటుంది?

మామూలు ఆదివారాల్లో ఇడ్లీ, ఉప్మా, ఇరానీ చాయ్. నెలకొకసారి చద్దన్నం పొద్దు. దానికి మాత్రం రాకుండా ఉండకండి. శనివారం రాత్రి వండిన అన్నంలో పాలు పోసి తోడేసి, ఎవరింట్లోనో మట్టికుండలో ఉంచుతాం. పొద్దున్నకల్లా కమ్మగా పులుస్తుంది. దాంట్లో ఉల్లిపాయ, పచ్చిమిర్చి నంజుకుంటూ తింటుంటే ఉప్పు, నీళ్లు, బలం మూడూ ఒకేసారి ఒంట్లోకి వెళ్తాయి. మే నెలలో ఇళ్లల్లో కొత్తావకాయ పెడతారు కాబట్టి ఆ నెల చద్దన్నానికి తలా ఒక చిన్న సీసా తెస్తారు. గుంటూరు కారం, పాలమూరు కారం పక్కపక్కన ఉంటాయి. ఎవరి ఆవకాయ బాగుందో తేలకుండానే గిన్నెలు ఖాళీ అవుతాయి. జొన్న అంబలి కూడా ఉంటుంది.

మామిడిపళ్ల రోజు వేరే ఉంది. రసాలు, బంగినపల్లి రాత్రే బకెట్లలో నానబెడతాం. పాత టీషర్టు వేసుకుని రండి.

చలివేంద్రం అంటున్నారు, అదేమిటి?

వేసవి మొత్తంలో మేం చేసే పనుల్లో మాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. మనకు పరిగెత్తడానికి రోడ్డు శుభ్రంగా ఉంటోందంటే, మనకంటే ముందే లేచి ఎవరో ఊడుస్తున్నారు. మనం ఏడింటికి ఇంటికెళ్లిపోతాం. వాళ్లు, ట్రాఫిక్ కానిస్టేబుళ్లు, ఆటోవాళ్లు, డెలివరీ కుర్రాళ్లు మిట్టమధ్యాహ్నం దాకా అదే రోడ్డు మీద ఉంటారు.

అందుకని ఒక తాటాకు పందిరి, కింద ఇసుక పరిచి దాని మీద మట్టికుండలు. కుండల చుట్టూ తడిపిన గోనెపట్టా. నీళ్లు తీయడానికి పొడుగు కాడ గరిటె, లోపల ఎవరి చెయ్యీ పడకూడదు. ఉదయం 9 నుంచి సాయంత్రం 5 దాకా రెండేసి గంటల వంతులు. నీళ్లు నింపడం, పట్టా తడపడం, సాయంత్రం కుండలు కడిగి బోర్లించడం వంతులో ఉన్నవాళ్ల పని. మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా మజ్జిగ కూడా ఇస్తాం. రిటైరైనవాళ్లు, సెలవుల్లో ఉన్న కాలేజీ పిల్లలు ఎక్కువగా ముందుకొస్తారు. పరుగుకు రాకపోయినా దీనికి రావచ్చు. ఫోటోలు తీసి పెట్టడం వద్దని మాత్రం అందరం అనుకున్నాం. నీళ్లు తాగుతున్న మనిషి ముఖం ఫోన్‌లో పట్టడం మర్యాద కాదు.

ఊరి బయట ట్రిప్పులు ఉంటాయా?

ఒకటి ఉంటుంది, వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండలకు. మూసీ నది పుట్టేది అక్కడే. చెట్ల నీడలో మట్టిదారి మీద పరుగు, పద్మనాభస్వామి గుడి, మధ్యాహ్నం భోజనం, తిరుగు ప్రయాణం. కుటుంబాలతో రావచ్చు.

ఫీజు ఎంత?

ఫీజు లేదు. నీళ్లు, టిఫిన్ ఖర్చు ఆ రోజు వచ్చినవాళ్లు పంచుకుంటారు. విద్యార్థుల దగ్గర తీసుకోం. లెక్క అదే రోజు గ్రూపులో పెడతాం.

మెడల్, సర్టిఫికెట్, చిప్ టైమింగ్?

ఉండవు. స్టాప్‌వాచ్, నోట్‌బుక్ ఉంటాయి.

ఏ రోజుల్లో రద్దు చేస్తారు?

వాతావరణ శాఖ రెడ్ అలర్ట్ ఇస్తే పరుగు ఉండదు. ఆరెంజ్ అలర్ట్ అయితే 3 కిలోమీటర్ల నడక. ఉరుములు వినిపిస్తే ఆ క్షణమే ఆపి కార్లలోకో భవనాల్లోకో వెళ్లిపోవాలి, చెట్ల కింద నిలబడకూడదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. మే 25 ప్రాంతం నుంచి ఆ రెండు వారాలు మా దగ్గర రేసు ఏదీ ఉండదు. మెల్లటి పరుగు, కబుర్లు, చలివేంద్రం మాత్రమే.

తర్వాత?

మృగశిర కార్తె వచ్చాక వచ్చే మొదటి ఆదివారం ఈ వేసవి ఆఖరి అంచనా రేసు పెడతాం. ఆ మరుసటి వారం నుంచి మారథాన్ వాళ్ల లాంగ్ రన్స్ మొదలవుతాయి. 10 కిలోమీటర్లు, హాఫ్, ఫుల్ వాళ్లకు వేర్వేరు జట్లు ఉంటాయి. ఏ జట్టులో చేరతారో ఆ ఆదివారమే నోట్‌బుక్‌లో పేరు రాయించుకోండి. వచ్చేటప్పుడు మీ గ్లాసు మర్చిపోకండి.